మందుకు లొంగని చేప తెగుళ్లు - ఒక శతాబ్దపు కథ



గేదెకు గురకవ్యాధి తగిలిన తరువాత వైద్యుడి కోసం పరుగెత్తటం కంటే, తొలకరికి ముందే టీకా వేయించటం మేలని మన పల్లెల్లో పశువుల కాపరిని అడిగినా చెబుతాడు. కోళ్లకు కొక్కెర తెగులు విషయంలోనూ అంతే. కాని చేపల దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి మనకు గుర్తు రాదు. చేప నీళ్లలో ఉంటుంది. దాని బాధ మన కంటికి కనపడదు. తీరా నాలుగు చేపలు వెల్లకిలా తేలిన తరువాత గుండె ఝల్లుమంటుంది. అప్పుడు మందుల దుకాణానికి పోతాం. దుకాణదారు ఏ సీసా ఇస్తే ఆ సీసా తెచ్చి మేతలో కలుపుతాం.

ఇది మన ఒక్కరి పొరపాటు కాదండీ. సముద్రపు చేపల పెంపకంలో అందరికంటే ముందు నడిచిన దేశాలు కూడా ఈ పొరపాటే చేసినవి. నష్టపోయిన తరువాత కొందరు దారి మార్చుకున్నారు. కొందరు ఇంకా అవస్థ పడుతూనే ఉన్నారు. మన తీరంలో విశాఖపట్నం దగ్గర 2007లో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు సముద్రంలో తేలే పంజరం దించి పండుగప్పను పెంచి చూపించారు. ఆ తరువాత మన రైతులు కూడా పంజరాల్లోను, ఉప్పునీటి చెరువుల్లోను పండుగప్ప వేస్తున్నారు. అనగా ఆ దేశాలు అర్ధశతాబ్దం క్రితం నిలబడిన చోట మనం ఇప్పుడు నిలబడి ఉన్నాము. కాబట్టి వారి కథ మనకు అక్కరకు వచ్చే కథ.

కథ ఇటలీ దేశంలో మొదలవుతుంది. ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉప్పు కయ్యల్లో అక్కడివారు మలుగు చేపలను పెంచేవారు. కొన్ని వేసవుల్లో ఆ చేపల ఒళ్లంతా ఎర్రటి మచ్చలు పడి, గుంపులు గుంపులుగా చనిపోయేవి. జనం దానికి 'ఎర్ర తెగులు' అని పేరు పెట్టారు. 1893లో కానెస్ట్రీని అనే శాస్త్రజ్ఞుడు దీనికి కారణం ఒక సూక్ష్మక్రిమి అని చెప్పాడు. 1909లో స్వీడన్‌లో బెర్గ్‌మన్ అనే ఆయన బాల్టిక్ సముద్రపు మలుగు చేపల్లో ఇటువంటి జబ్బే చూసి, ఆ క్రిమికి విబ్రియో అంగ్విల్లారమ్ అని పేరు పెట్టాడు. విబ్రియో అనే మాట మన రొయ్యల రైతులకు కొత్త కాదు. ఇది ఆ కుటుంబపు క్రిమే. ఈ రెండు పరిశోధనల నడుమ 1894లో జర్మనీలో ట్రౌట్ చేపలకు వచ్చే పుండ్ల జబ్బు క్రిమి బయటపడింది. చేప ఒంటి మీద కురుపులు లేచి, పగిలి, రక్తం విషమై చనిపోవటం ఈ జబ్బు లక్షణం. దీన్ని ఫ్యూరంక్యులోసిస్ అంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి; మన కథలో మళ్లీ మళ్లీ వస్తుంది.

జబ్బు తెలిసింది. మరి వైద్యం? ఇక్కడే చరిత్ర ఒక వింత మలుపు తిరిగింది. కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియాలో డఫ్ అనే శాస్త్రజ్ఞుడు పుండ్ల జబ్బు క్రిములను క్లోరోఫారంతో చంపి, ఆ చచ్చిన క్రిములను ట్రౌట్ చేపల మేతలో కలిపి కొన్ని వారాలు తినిపించాడు. ఆ తరువాత ఆ చేపలకు జబ్బు అంటించి చూస్తే, టీకా మేత తిన్న గుంపులో చావులు బాగా తగ్గినవి. ఈ ఫలితం ఆయన 1942లో ప్రకటించాడు. చేపకు కూడా టీకా పనిచేస్తుందని ఆనాడే ఇంత రుజువు దొరికింది.

మరి లోకం ఆ దారి పట్టిందా? లేదు. అదే రోజుల్లో సల్ఫా మందులు చౌకగా దొరకటం మొదలైంది. 1946లో అమెరికాలో గట్‌సెల్ అనే ఆయన సల్ఫా మందును మేతలో పెట్టి పుండ్ల జబ్బును అదుపు చేయవచ్చునని చూపించాడు. వారాల తరబడి టీకా తినిపించే ఓపిక ఎవరికి ఉంటుంది? జబ్బు వచ్చినప్పుడు గుప్పెడు మందు కలిపితే సరిపోతుంది గదా అనుకున్నారు. టీకా మాట అటకెక్కింది. మందు తేలిక కావటం వల్ల జాగ్రత్త మరుగున పడింది. మన కథకు మూలం ఈ ఒక్క మాటే.

ఆ సుఖం ఎన్నాళ్లు నిలిచింది? పదకొండు సంవత్సరాలు. 1957లో అమెరికాలోనే స్నైష్కో, బుల్లక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సల్ఫా మందుకు లొంగని పుండ్ల జబ్బు గురించి వ్రాశారు. మందు అదే, మోతాదు అదే, చేప అదే. క్రిమి మాత్రం మారిపోయింది.

క్రిమి ఎట్లా మారుతుందని మీరు అడగవచ్చు. చీడపురుగుల సంగతి మీకు తెలిసినదే. ఒకే పురుగుమందు ఏటా కొడితే బలహీనమైన పురుగులు చస్తాయి. మందుకు తట్టుకున్న కొద్దిపాటి పురుగులు మిగిలి పిల్లలు పెడతాయి. మూడు నాలుగు కార్లకు చేనంతా తట్టుకునే జాతే. సూక్ష్మక్రిముల్లోనూ ఇదే జరుగుతుంది. అయితే పురుగుకు ఒక తరానికి వారాలు పడితే, క్రిమికి గంట చాలదా! పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ గారు 1945లో నోబెల్ బహుమానం అందుకొన్నప్పుడే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. చంపటానికి చాలని మోతాదు ఇస్తే క్రిమికి మనమే చదువు చెప్పినట్లవుతుందన్నది ఆ హెచ్చరిక సారాంశం.

ఇంతకంటే పెద్ద సంగతి జపానులో బయటపడింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అక్కడ రక్త విరేచనాలు విపరీతంగా ఉండేవి. 1950 దశకం వచ్చేసరికి నాలుగు రకాల మందులకూ ఒక్కసారిగా లొంగని విరేచన క్రిములు కనపడసాగినవి. 1959లో అక్కడి పరిశోధకులు రహస్యం పట్టుకున్నారు. ఈ లొంగని గుణం పేగుల్లోని ఒక జాతి క్రిమి నుంచి వేరొక జాతి క్రిమికి చేతులు మారుతున్నది! ఊళ్లో ఒకడు తాళం తీసే కిటుకు చీటీ మీద వ్రాసుకొని, దారిన పోయేవాళ్లందరికీ నకళ్లు పంచిపెట్టినట్లు అనుకోండి. ఒక్క చీటీ మీదే నాలుగైదు తాళాల కిటుకులు ఉండవచ్చు. శాస్త్రజ్ఞులు ఈ చీటీని ప్లాస్మిడ్ అంటారు. 1971లో జపాను శాస్త్రజ్ఞులే పుండ్ల జబ్బు క్రిమిలోనూ ఇటువంటి చీటీ ఉన్నదని చూపించారు. మనుషుల్లో చూసిన మాయ చేపల్లోనూ ఉన్నదన్నమాట.

జపాను సముద్ర రైతుల మాట కూడా చెప్పాలి. 1928లో కగావా ప్రాంతంలోని హికెటా దగ్గర నోఅమి వసబురో అనే జాలరి కుటుంబీకుడు సముద్రపు పాయకు అడ్డుకట్ట వేసి, బురి అనే చేపను పెంచటంలో విజయం సాధించాడు. 1960 దశకంలో ఇది పెద్ద పరిశ్రమ అయింది. సముద్రంలో దొరికే పిల్లలను పట్టి, వలపంజరాల్లో కిక్కిరిసి వేసి, పచ్చి కవళ్లు మేపేవారు. మిగిలిన మేత కుళ్లి అడుగున పేరుకొనేది. ఆ దశకం చివరకు బురి పిల్లల్లో ఒక కొత్త తెగులు పుట్టింది. వానాకాలం మొదట్లో, సముద్రంలో మంచినీరు కలిసే రోజుల్లో, ఇది విరుచుకుపడేది. చచ్చిన చేపను కోస్తే మూత్రపిండంలో, ప్లీహంలో తెల్లటి గింజలు కనిపించేవి. ఆ క్రిమిని అప్పట్లో పాస్టురెల్లా కుటుంబంలో చేర్చారు. మన గేదెల గురకవ్యాధి క్రిమి ఆ కుటుంబానిదే. ఈ చుట్టరికం సరి కాదని తేలటంతో 1995లో దాన్ని వేరే కుటుంబానికి మార్చారు.

జపాను రైతులు దానికి మందు మీద మందు వాడారు. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్, కనామైసిన్, సల్ఫా మందులు, ఆంపిసిలిన్. 1980 దశకంలో పరిశోధకులు ఆ క్రిమిలో కూడా పలు మందుల తాళాలు తీసే చీటీలు కనిపెట్టారు. ఒక మందు ఓడితే వేరొక మందు, అది ఓడితే ఇంకొకటి. నిచ్చెన ఎక్కుతున్నామని వారు అనుకున్నారు. ఎక్కుతున్నది మాత్రం క్రిమి.

ఇక ఉత్తరాన ఉన్న నార్వే దేశానికి పోదాము. మన కథలో ముఖ్యమైన ఘట్టం అక్కడ ఉన్నది. 1970లో హిత్రా అనే దీవిలో గ్రోంట్‌వెట్ అన్నదమ్ములు తేలే వలపంజరంలో సాల్మన్ చేపపిల్లలు వేసి పెంచారు. ఆ పంజరం చూసి తీరమంతా పంజరాలు వెలిసినవి. చేపకు మంచి ధర. రైతులకు చేతినిండా డబ్బు. ఆ దశకం ముగియక ముందే ఆ హిత్రా దీవి దగ్గరే చలికాలంలో సాల్మన్లు రక్తం చిమ్మి చనిపోవటం మొదలైంది. దీవి పేరే జబ్బుకు వచ్చి 'హిత్రా జబ్బు' అయింది. మేతలో లోపమని కొందరు, క్రిమి అని కొందరు వాదించుకున్నారు. 1986లో ఎమ్మీ ఎగిడియస్ గారు, వారి తోటివారు ఇది విబ్రియో జాతి క్రిమేనని నిర్ధారించి పేరు పెట్టారు.

ఇది చాలదన్నట్లు, 1985లో స్కాట్లండు నుంచి తెప్పించిన పిల్లలతో పాటు మన పాత పుండ్ల జబ్బు కూడా వచ్చి దిగింది. విత్తనం కొన్నామనుకున్నారు, తెగులు కూడా కొన్నారు. తుపానులకు పంజరాలు తెగి చేపలు పారిపోయినవి. వాటితో పాటు జబ్బు నదుల్లోకి ఎక్కింది. 1992 చివరికి 550 పెంపక కేంద్రాలకు ఈ జబ్బు సోకింది.

రైతులు ఏమి చేశారు? ఎవరైనా చేసేదే చేశారు. మందు పోశారు. 1987 ఒక్క సంవత్సరంలో నార్వే చేపల మేతలో సుమారు 48 టన్నుల యాంటీబయాటిక్ మందు కలిసింది. ఆనాటి ఉత్పత్తితో లెక్కవేస్తే టన్ను చేపకు రమారమి కిలో మందు.

ఇక్కడ ఆగి ఒక సంగతి విచారించాలి. ఆ మందంతా ఎక్కడికి పోయింది? జబ్బు పడిన మనిషికి అన్నం సయించదు. జబ్బు పడిన చేపా అంతే, మేత ముట్టదు. మేతలో కలిపిన మందును తినేది బాగా ఉన్న చేప. అనగా అక్కర ఉన్నదానికి అందదు, అక్కర లేనిదానికి అందుతుంది. తిన్న మందు కూడా పూర్తిగా ఒంటికి పట్టదు. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే మందును సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గట్టిగా పట్టుకుంటాయి. అందుచేత ఉప్పునీటి చేప పేగు దాన్ని బహు కొద్దిగా పీల్చుకుంటుంది. మిగిలినది పెంటతో పాటు కిందికి జారుతుంది. పంజరాల అడుగు బురదలో నెలల తరబడి ఆ మందు నిలిచి ఉండటం శాస్త్రజ్ఞులు చూశారు. పంజరాల చుట్టూ తిరిగే సముద్రపు చేపలు రాలిన మేత తింటే, వాటి మాంసంలోనూ మందు కనిపించింది. చేనుకు గట్టు ఉన్నది. పంజరానికి గట్టు ఏదీ? ఒక రైతు వేసిన మందు పది మంది నీటిలో కలుస్తుంది.

ఆ బురదలో ఉన్న క్రిములన్నీ మందుకు అలవాటు పడతాయి. చీటీలు చేతులు మారతాయి. 1994లో నార్వే పరిశోధకులు ఒక సంగతి ప్రకటించారు. మనుషులకు వచ్చే కలరా క్రిమిలోని చీటీ, సముద్రపు నీటిలోనే, చేపల పుండ్ల జబ్బు క్రిమికి చేరిందట. చేపకు, మనిషికి నడుమ గోడ లేదని దీనర్థం. ఈనాడు చేపకు వృథాగా వాడిన మందు, రేపు మన ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు పనిచేయకుండా పోవచ్చు. పందెంలో పెడుతున్నది చేపల పంట ఒక్కటే కాదు.

నార్వే రైతులు ఈ ఊబి నుంచి బయటపడిన విధం వినండి. కొత్త మందు కనిపెట్టి కాదు. యాభై యేళ్ల క్రితం డఫ్ చూపి, లోకం అటకెక్కించిన దారికే వారు తిరిగి వచ్చారు. 1980 దశకం చివరకు హిత్రా జబ్బుకు టీకా వచ్చింది. పుండ్ల జబ్బుకు వేసిన తొలి టీకాలు సరిగా పట్టలేదు. 1990 దశకం మొదట్లో నూనెలో కలిపిన టీకా వచ్చింది. చేపపిల్ల సముద్రంలోకి పోకముందే, మత్తు ఇచ్చి, ఒక్కొక్క పిల్లకు పొట్టలో సూది వేయాలి. లక్షల పిల్లలకు లక్షల సూదులు! ఎంత శ్రమో ఆలోచించండి. నూనె వల్ల కొన్ని చేపల పొట్టలో పేగులు అతుక్కుపోయేవి. ఎదుగుదల కొంత మందగించేది. అయినా రైతులు ఒప్పుకున్నారు. చావుల ముందు అది చిన్న నష్టమని తెలుసుకున్నారు.

సూది ఒక్కటే కాదు. ఒక చోట ఒక ఈడు చేపలే వేశారు. పెద్దవాటి దగ్గర చిన్నవాటిని చేర్చలేదు. పంట తీసిన తరువాత ఆ చోటును కొన్నాళ్లు ఖాళీగా వదిలి, అడుగు బురద కోలుకోనిచ్చారు. మనం చేను బీడు పెట్టినట్లే. కేంద్రానికి, కేంద్రానికి దూరం పెంచారు. చచ్చిన చేపను ఎప్పటికప్పుడు తీసివేశారు. పశువైద్యుడి చీటీ లేనిదే మందు దొరకదు. ఆ చీటీల లెక్క ప్రభుత్వానికి చేరుతుంది.

ఫలితం చూడండి. 1987లో 48 టన్నులుగా ఉన్న మందు 1994 నాటికి ఒకటిన్నర టన్నుల లోపుకు దిగింది. ఆ ఏడేళ్లలో చేపల ఉత్పత్తి తగ్గలేదు సరిగదా, రెండు లక్షల టన్నులు దాటింది. ఇటీవలి సంవత్సరాల్లో నార్వే పదిహేను లక్షల టన్నుల పైచిలుకు చేపను పండిస్తూ, ఏడాదికి ఒక టన్నుకు మించకుండా మందు వాడుతున్నది. టన్ను చేపకు కిలో మందు వాడిన చోట ఇప్పుడు గ్రాము కూడా పట్టటం లేదు. మందు మానేస్తే పంట పోతుందనే వారికి ఇంతకంటే జవాబు ఏమి కావాలి?

అయితే అంతా సుఖాంతమని చెప్పటం లేదు. నార్వేలోనే సాల్మన్ ఒంటిని పట్టే సముద్రపు పేను మీద మందులు వరుసగా వాడారు. ఆ పేను కూడా మందులకు తట్టుకోవటం నేర్చింది. పాఠం ఒకసారి నేర్చితే చాలదు. ప్రతి తెగులుకూ కొత్తగా నేర్చుకోవాలి.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశం సంగతి ఇంకొక రకం. సాల్మన్ ఆ దేశపు చేప కాదు. బయటనుంచి తెచ్చి పెంచారు. 1989లో పువెర్తో మోంత్ ప్రాంతంలో కోహో సాల్మన్లు పెద్ద ఎత్తున చనిపోయినవి. ఆ క్రిమి పేరు పిసిరికెట్సియా. ఇది చేప కణం లోపలికి దూరి దాక్కుంటుంది. దొంగ ఇంట్లోనే దాక్కుంటే కాపలావాడు వీధిలో తిరిగి ఏమి లాభం? అందుచేత దీనికి వచ్చిన టీకాలు నార్వే టీకాలంతగా పనిచేయలేదు. మందుల మీద ఆధారపడక తప్పలేదు. 2014, 2015 సంవత్సరాల్లో చిలీ ఏటా 500 టన్నులకు పైగా యాంటీబయాటిక్ వాడింది. ఆ తరువాత తగ్గినా, లెక్క ఇంకా వందల టన్నుల్లోనే ఉన్నది. టీకా లేని తెగులు ఎంత ఖరీదైనదో ఇది చెబుతున్నది. జపానులో మాత్రం బురి చేపకు వచ్చే మరొక జబ్బుకు, లాక్టోకాకస్ తెగులుకు, 1997లో మేతలో ఇచ్చే టీకా వచ్చింది. దానితో అక్కడి రైతులకు కొంత ఊరట కలిగింది.

ఇక మన ఇంటి సంగతి. 1994, 1995 ప్రాంతాల్లో మన కోస్తాలో రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు ఎందరో చెరువుల్లో యాంటీబయాటిక్ మందులు పోశారు. తెల్లమచ్చ వైరస్ తెగులు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. డబ్బు పోయింది, రొయ్య పోయింది, చెరువులో క్రిములకు మాత్రం చదువు వచ్చింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు ఇప్పుడు మన దేశంలో ఆక్వా సాగులో నిషిద్ధం. వాటి అంశ కనిపించిన సరుకును కొనే దేశాలు తిప్పి పంపుతాయి.

కాబట్టి పండుగప్ప, తదితర సముద్రపు చేపలు వేసే రైతులకు నా మనవి ఇది. విత్తనం కొనేటప్పుడు ధర కంటే ముందు పరీక్ష చూడండి. నార్వేకు తెగులు విత్తనంతోనే వచ్చింది. ఒక పంజరంలో పట్టేదానికంటే పిల్లలను తక్కువే వేయండి. ఈడు కలపకండి. మేత తగ్గించిన చేప మీకు కబురు చెబుతున్నదని గ్రహించండి. చావులు మొదలయ్యేదాకా ఆగకండి. చచ్చినదాన్ని నీళ్లలో వదలకండి, ఒడ్డున లోతుగా సున్నంతో పాతిపెట్టండి. పంటకు, పంటకు నడుమ ఆ చోటుకు విశ్రాంతి ఇవ్వండి. పండుగప్పకు వచ్చే స్ట్రెప్టోకాకస్ తెగులుకు విదేశాల్లో టీకా తయారైంది. మీ తెగులుకు టీకా దొరుకుతుందేమో మత్స్యశాఖ వారిని అడుగుతూ ఉండండి. అడిగేవారు ఉంటేనే అటువంటివి మన దాకా వస్తాయి.

గ్రామాల్లో తిరిగే మత్స్యశాఖ సిబ్బందికి ఒక మాట. రైతు 'మందు చెప్పండి' అంటాడు. ముందు 'చేప ఇవ్వండి' అనండి. ప్రాణం పోతున్న చేపను, చచ్చి కుళ్లినదాన్ని కాదు, ప్రయోగశాలకు పంపండి. అది క్రిమి తెగులా, వైరస్ తెగులా, నీటి దోషమా తేలాలి. క్రిమి అయితే ఏ మందుకు లొంగుతుందో పరీక్ష కావాలి. అప్పుడు కూడా నిషేధం లేని మందే, నిపుణుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. సగంలో మానటం కూడా క్రిమికి చదువు చెప్పటమే. మందు ఆపిన తరువాత చెప్పిన గడువు దాటే వరకు చేపను పట్టరాదు.

1942లో దారి కనపడింది. తేలిక మందు దొరికిందని లోకం దాన్ని వదిలింది. తిరిగి ఆ దారికి రావటానికి నార్వేకు యాభై యేళ్లు, లెక్కలేనన్ని చేపలు ఖర్చయినవి. ఆ ఖర్చు వారు పెట్టారు. పాఠం మనకు ఉచితంగా దొరుకుతున్నది. సముద్రంలో మీ పంజరం పక్కన పొరుగువాడి పంజరం ఉంటుంది. ఇద్దరి నీరు ఒకటే, తెగులు ఒకటే. జాగ్రత్త కూడా కలిసి పడితేనే గట్టెక్కుతాము.

సెలవు.